మెయిల్‌కి దొడ్డి తలుపు కూడా మూయండి

నమస్తే. ఒకసారి మీ మెయిల్ తెరిచి, సెర్చ్‌లో 'పాస్‌పోర్ట్' అని కొట్టి చూడండి. ఎప్పుడో ఎవరికో పంపిన స్కాన్ కాపీ బయటపడొచ్చు. ఫోటో, పూర్తి పేరు, పుట్టిన తేదీ, నంబరు, అన్నీ ఒకే పేజీలో. మెయిల్‌లోకి దూరినవాడు కూడా ఇదే మాట కొడతాడు. పైగా మీరు ఏ అకౌంట్‌లో 'పాస్‌వర్డ్ మర్చిపోయాను' నొక్కినా, చాలావరకు లింకు వచ్చి పడేది ఈ మెయిల్‌కే. అందుకే మీ పేరుతో ఇంకొకరు చలామణి కాకూడదంటే, మొదటి తాళం ఇక్కడే వేయాలి.

పాస్‌వర్డ్ సంగతి తొందరగా చెప్పేస్తాను. ఇంకెక్కడా వాడనిది పెట్టండి. పాతదానికే చివర అంకె మారిస్తే చాలదు, లీకైన పాస్‌వర్డ్‌లతో ప్రయత్నించే ప్రోగ్రాములు ఆ మార్పుల్నీ వరసగా వేసి చూస్తాయి.

ఇప్పుడు అకౌంట్ సెట్టింగ్స్‌లో సెక్యూరిటీకి వెళ్లి, టూ-స్టెప్ వెరిఫికేషన్‌లో (పాస్‌వర్డ్ తర్వాత ఇంకో కోడ్ కూడా అడిగే ఏర్పాటు) అథెంటికేటర్ యాప్, అంటే ఆ కోడ్‌ని మీ ఫోన్‌లోనే తయారుచేసే యాప్, ఎంచుకోండి. తెరమీది క్యూఆర్ కోడ్‌ని యాప్‌తో స్కాన్ చేస్తే 6 అంకెల కోడ్ వస్తుంది, 30 సెకన్లకోసారి మారుతుంది. కోడ్ సరిగ్గానే కొట్టినా 'తప్పు' అంటోందా? ఫోన్ గడియారం తేడాగా ఉందేమో చూడండి, టైమ్‌ని ఆటోమేటిక్‌లో పెడితే సరిపోతుంది.

చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. యాప్ పెట్టినా, ఎస్‌ఎంఎస్‌లో కోడ్ తెప్పించుకునే దారి పక్కనే తెరిచి ఉంటుంది. దొంగ మీ నంబరు మీద డూప్లికేట్ సిమ్ తీసుకుంటే ఆ దారినే వస్తాడు. దాన్ని తీసేయండి, కానీ ముందు బ్యాకప్ కోడ్లు, అంటే ఫోన్ దగ్గర లేనప్పుడు లోపలికి వెళ్లడానికి వాడేవి, తీసుకోండి. గూగుల్ అయితే 10 ఇస్తుంది, ఒక్కోటి ఒక్కసారే పనిచేస్తుంది. కాగితం మీద రాసి పెట్టుకోండి. స్క్రీన్‌షాట్ వద్దు, అది అదే అకౌంట్ క్లౌడ్‌లోకి పోతే, తాళంచెవి బీరువా లోపల పెట్టి తాళం వేసినట్టే.

తర్వాత కంప్యూటర్ బ్రౌజర్‌లో మెయిల్ సెట్టింగ్స్ తెరవండి. ఫార్వార్డింగ్, ఫిల్టర్లు, ఈ రెండూ చూడండి. మీకు తెలియని అడ్రస్ ఉందా? ఒకసారి లోపలికొచ్చినవాడు అక్కడ తన మెయిల్ ఐడీ పెట్టి వెళ్లిపోతే, మీరు పాస్‌వర్డ్ మార్చినా మీ ఉత్తరాల కాపీలు అతనికి పోతూనే ఉంటాయి. తీసేసి, 'అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్' నొక్కండి.

ఇక సిమ్. ఫోన్‌కి స్క్రీన్ లాక్ ఉన్నా, సిమ్ పీకి వేరే ఫోన్‌లో వేస్తే మీ ఓటీపీలు అందులోకి వస్తాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో 'సిమ్ లాక్' అని వెతికి పిన్ పెట్టండి. మొదట అడిగేది నెట్‌వర్క్ కంపెనీ ఇచ్చిన పాత పిన్, ఊహించి కొట్టొద్దు. 3 సార్లు తప్పితే 8 అంకెల పీయూకే (లాకైన సిమ్‌ని తెరిచే కోడ్) అడుగుతుంది, అది 10 సార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు. ఈ పిన్ డూప్లికేట్ సిమ్‌ని మాత్రం ఆపలేదు. దానికోసం, సిమ్ మార్పిడికి అదనపు పాస్‌కోడ్ ఉందేమో కంపెనీని అడగండి.

గుర్తింపు కార్డు కాపీ ఇవ్వక తప్పనప్పుడు, దాని మీద అడ్డంగా, అక్షరాల మీదుగా, ఎవరికి, ఎందుకు, ఏ తేదీన ఇస్తున్నారో రాయండి. మూలలో రాస్తే కత్తిరించేస్తారు. పని అయ్యాక మెయిల్‌లోని ఆ కాపీని డిలీట్ చేసి, ట్రాష్ కూడా ఖాళీ చేయండి.

ఉన్నట్టుండి సిగ్నల్ పోయి, ఫోన్ ఆపి ఆన్ చేసినా రాకపోతే, పక్కవాళ్లకు సిగ్నల్ ఉంటే, 'తర్వాత చూద్దాం' అనుకోకండి. వాళ్ల ఫోన్ నుంచే కంపెనీకి కాల్ చేసి నంబరు బ్లాక్ చేయించండి, వెంటనే బ్యాంకుకి చెప్పండి, ఆ తర్వాత వైఫైలో మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి.