గడ్డిని పైకెక్కించిన యంత్రాలు: ఇంగ్లండులోని లింకన్ ఊళ్ళో సంక్రాంతి సభలో మాట్లాడిన పాఠం

అందరికీ నమస్కారం, సంక్రాంతి శుభాకాంక్షలు. పులిహోర, బూరెలు తిన్నాక ప్రసంగం పెట్టిన కమిటీవాళ్ళకి ఒక దండం. నిద్ర ఆపుకోవడం మీ పని, మిమ్మల్ని మరీ విసిగించకుండా ముగించడం నా పని. నన్ను పండగ గురించి మాట్లాడమన్నారు, నేనేమో గడ్డి గురించి మాట్లాడతానన్నాను. మొదట నవ్వారు, తర్వాత ఇది జోకు కాదని అర్థమై కాస్త టెన్షన్ పడ్డారు.

కొత్త బియ్యం గురించి అందరూ మాట్లాడతారు. ఆ బియ్యంతో పాటు కళ్ళంలో మిగిలే కొండంత గడ్డి సంగతి ఎవరూ ఎత్తరు. మాది కృష్ణా జిల్లాలో సముద్రం వైపు పల్లె. పండగకి అటూ ఇటూగా కుప్పనూర్పిళ్ళు అయ్యేవి, నా చిన్నప్పుడు ఇంకా ఎద్దులతోనే, తర్వాత ట్రాక్టర్ చక్రాల కింద. ధాన్యం తూర్పారబట్టి, బస్తాలకెత్తి, లెక్క చూసుకున్నాక పెద్దవాళ్ళ మొహాల్లో ఒక నిశ్చింత కనిపించేది గానీ, మా పెదనాన్నకి మాత్రం అసలు పని అప్పుడే మొదలయ్యేది. వాము వేయడంలో, అంటే గడ్డిమేటు పేర్చడంలో, ఆయనది అందె వేసిన చెయ్యి. మా నాన్న, ఇంకో ఇద్దరు కింద నిలబడి పంగల కర్రలతో గడ్డి విసురుతుంటే, ఆయన పైన గుండ్రంగా తిరుగుతూ తొక్కుతూ పేర్చేవాడు. మాకు చెప్పిన పాఠం ఒక్కటే: నడుమ ఎప్పుడూ నిండుగా ఉండాలి, అంచులకన్నా నడుమ ఎత్తుండాలి. నడుమ కుంగిందంటే వాన నీళ్ళు లోపలికే దిగుతాయి, మాఘమాసంలో బంగారంలా ఉన్న గడ్డి శ్రావణానికి నల్లగా కుళ్ళిపోతుంది, ఇక ఆ ఏడాది పశువుల సంగతి దేవుడెరుగు.

వాము ఎత్తు పెరిగేకొద్దీ కింద విసిరేవాళ్ళకి నరకం. తలకి మించిన ఎత్తుకి గడ్డి విసిరి చూడండి, సగం మన నెత్తినే పడుతుంది, మెడలో, చొక్కాలో నూగు, రాత్రంతా దురద. ఆ కష్టం తీర్చడానికి ఎవరైనా ఏమైనా కనిపెట్టారా అని నేను ఏనాడూ ఆలోచించలేదు. ఆలోచించింది ఈ ఊరికొచ్చాక.

మనం ఉంటున్న ఈ లింకన్ ఊరు ఒకప్పుడు నూర్పిడి యంత్రాలకి పేరుమోసిన ఊరు. క్లేటన్ అండ్ షటిల్‌వర్త్ అనే కంపెనీ 1842లో ఇక్కడే పుట్టింది. రస్టన్, రోబీ, ఫోస్టర్, అన్నీ ఇక్కడివే, కాస్త దూరంలో గెయిన్స్‌బరోలో మార్షల్. ఆ మార్షల్‌వాళ్ళే అస్సాం తేయాకు తోటలకి యంత్రాలు చేసిపెట్టారు, కాబట్టి మన తాతల టీకీ ఈ జిల్లాకీ ఏదో ఒక బంధుత్వం ఉండే ఉంటుంది. ఫోస్టర్ కంపెనీదైతే ఇంకా విచిత్రం: నూర్పిడి యంత్రాలు చేసుకునే ఆ కార్ఖానాలోనే 1915లో మొట్టమొదటి యుద్ధ ట్యాంకు నమూనా తయారైంది. సరే, దారి తప్పుతున్నాను.

ఇంగ్లండులో గోధుమ నూర్చడం చలికాలపు పని. పొలంలో కోసిన పనల్ని ముందు కుప్పలేసి, మంచు పడే రోజుల్లో కొట్టాల లోపల, తోలుతో కలిపి కట్టిన రెండు కర్రల సాధనంతో కొట్టి గింజ రాల్చేవాళ్ళు. నెమ్మదైన పని, నెలల తరబడి సాగేది, కూలీలకి చలికాలమంతా తిండి పెట్టేది అదే. స్కాట్లండులో ఆండ్రూ మీకిల్ అనే మిల్లు పనివాడు 1786 ప్రాంతంలో తిరిగే డ్రమ్ముతో గింజ రాల్చే యంత్రం చేశాడు. అది ఊళ్ళమీదికి వచ్చాక కూలీల కడుపు కాలింది. 1830 ఆగస్టు 28న కెంట్ ప్రాంతంలో లోయర్ హార్డ్రెస్ అనే పల్లెలో ఒక నూర్పిడి యంత్రాన్ని పగలగొట్టారు, అక్కడి నుంచి దక్షిణ ఇంగ్లండంతా పాకింది. ‘కెప్టెన్ స్వింగ్’ అనే లేని మనిషి సంతకంతో భూస్వాములకి బెదిరింపు ఉత్తరాలు వెళ్ళేవి. యంత్రాలు విరగ్గొట్టడంతో ఆగలేదు, వాములకీ నిప్పు పెట్టారు. చివరికి 19 మందిని ఉరితీశారు, దాదాపు 500 మందిని ఓడలెక్కించి ఆస్ట్రేలియా వైపు పంపేశారు. మనూళ్ళో కూడా పగ తీర్చుకోవాలంటే ముందు చూసేది వాము వైపే కదా, అగ్గిపుల్ల ఒక్కటి చాలు.

తర్వాత ఆవిరి వచ్చింది. ఇప్స్విచ్‌కి చెందిన రాన్సమ్స్ కంపెనీ 1841లో లివర్‌పూల్ వ్యవసాయ ప్రదర్శనలో ఒకచోటి నుంచి ఇంకోచోటికి లాక్కెళ్ళగలిగే ఆవిరి ఇంజన్ చూపించింది. ఆ తర్వాతి ముప్ఫై నలభై ఏళ్ళలో ఇంజన్, దాని వెనక నూర్పిడి యంత్రం కలిసి ఊరూరూ తిరగడం మొదలైంది, అచ్చం ఇప్పుడు మన దగ్గర వరికోత యంత్రాలు సీజన్లో జిల్లాలు దాటి వచ్చినట్టే. పొద్దున నిప్పు రాజేస్తే సాయంత్రానికి ఒక కుప్ప ఖాళీ.

కానీ గింజ ఎంత తొందరగా రాలితే గడ్డి కూడా అంత తొందరగా బయటపడుతుంది. ఆ కాలపు గోధుమలు పొడుగు రకాలు, గింజ బరువుకన్నా గడ్డి బరువే ఎక్కువ, ఇక పరిమాణమంటారా, చెప్పక్కర్లేదు. ఒకప్పుడు నెలల మీద బయటికొచ్చే గడ్డి ఇప్పుడు ఒక్క రోజులో యంత్రం వెనక నుంచి వాగులా దూకుతోంది. దాన్ని ఎప్పటికప్పుడు తీయకపోతే యంత్రం గొంతుకి అడ్డం పడుతుంది, మొత్తం పని ఆగిపోతుంది. పది పన్నెండు మంది జట్టులో నలుగురైదుగురు గడ్డికే సరిపోయేవారు. గింజకి యంత్రం పెట్టినాయన కూలి మిగిలిందనుకున్నాడు, ఆ మిగిలిన కూలంతా గడ్డి దగ్గరికి చేరింది.

అప్పుడొచ్చింది ఎలివేటర్. పేరు వినగానే లిఫ్టు అనుకోకండి. చక్రాల బండి మీద ఏటవాలుగా పైకి నిలిచిన పొడవాటి చెక్క తొట్టి, దాని అడుగున ఎడతెగకుండా తిరిగే గొలుసులు, ఆ గొలుసుల మీద అడ్డంగా చెక్క బద్దలు, బద్దలకి మేకుల్లాంటి పళ్ళు. యంత్రం వెనక రాలిన గడ్డి కింది తొట్లో పడుతుంది, పళ్ళు దాన్ని పట్టుకుని పైకి ఈడ్చుకెళ్ళి వాము మీద వదిలేస్తాయి. వాము పెరిగేకొద్దీ చేత్తో తిప్పే చక్రంతో దాని తలని పైకి లేపుతారు. పని అయ్యాక నడిమికి మడిచి ఇంకో ఊరికి లాక్కెళ్తారు. ఇంజన్ ఉన్న పెద్ద సెట్టులో దానికి నడిచే శక్తి నూర్పిడి యంత్రం నుంచే, ఒక తోలు పట్టీ మీద. ఇంజన్ లేని చోట, ఎండుగడ్డి పేర్చేటప్పుడు, గుర్రాన్ని గుండ్రంగా తిప్పి కూడా నడిపేవాళ్ళు. మొదటిసారి ఆ బొమ్మ చూసినప్పుడు నాకు మా ఊరి గానుగ ఎద్దు గుర్తొచ్చింది, కళ్ళగంతలు ఒక్కటే తక్కువ.

ఇప్పుడు నా భాగోతం చెప్పాలి. నాలుగేళ్ళ క్రితం ఇక్కడ పాత యంత్రాల ప్రదర్శన ఒకటి జరిగితే, వాలంటీర్లు కావాలంటే చేరాను, నాకు వాము వేయడం తెలుసు అని గొప్పగా చెప్పుకుని మరీ. నన్ను ఎలివేటర్ తల కింద, వాము మీద నిలబెట్టారు. మా పెదనాన్న దగ్గర గడ్డి దఫాలుగా వచ్చేది, మధ్యలో ఊపిరి పీల్చుకోవచ్చు, ఒక బీడీ కాల్చుకోవచ్చు. ఇక్కడ అది ఆగదు! కింద ఇంజన్‌కి అలసట లేదు. మీరు ఒక అంచు సర్దేలోపు మీ వెనక నడుం లోతు గడ్డి పడి ఉంటుంది. ఐదు నిమిషాల్లో కళ్ళనిండా దుమ్ము, నోట్లో ఊక. పదిహేను నిమిషాలకి నన్ను దింపేసి డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఎక్కాడు, మూతికి గుడ్డ కట్టుకుని, తొణక్కుండా, నడుమ నింపుతూ. కిందికి దిగి చూస్తే ఆయన పాదం వేసే తీరు అచ్చం మా పెదనాన్నదే. ఎవరు ఎవరికి నేర్పారు? ఎవరూ నేర్పలేదు, వానే నేర్పింది ఇద్దరికీ.

అమెరికావాళ్ళు మొదట్లో ఇలాంటి ఎలివేటర్లే వాడారు. 1890ల నుంచి అక్కడ ఇంకోటి ఊపందుకుంది, గాలితో ఊదేది. నూర్పిడి యంత్రం వెనక పెద్ద ఫ్యాను, దానికి లావుపాటి రేకు గొట్టం. గడ్డి ఫ్యాన్లో పడుతుంది, గొట్టంలోంచి దూసుకెళ్ళి దూరంగా పడుతుంది. గొట్టాన్ని అటూ ఇటూ తిప్పుకోవచ్చు, పొడుగు చేసుకోవచ్చు, మూతిని వంచి గడ్డి ఎక్కడ పడాలో చూసుకోవచ్చు. నేనైతే దాన్ని తిరగేసిన తూర్పారబట్టడం అంటాను. మన దగ్గర గాలి ఊకని తీసుకెళ్తే గింజ కాళ్ళ దగ్గర పడుతుంది. వీళ్ళు గింజని యంత్రం పొట్టలో ఉంచుకుని, కొండంత గడ్డినే గాలికి అప్పగించారు. వాము మీద నలుగురు చేసే పని ఒక్క మనిషి తాడు లాగుతూ చేసేశాడు.

దీని పేటెంట్ల మీద ఇండియానాపొలిస్‌లో ఇండియానా మాన్యుఫాక్చరింగ్ కంపెనీ కూర్చుంది. ‘ఫార్మర్స్ ఫ్రెండ్’, అంటే రైతు నేస్తం, అని పేరు పెట్టుకుని, నూర్పిడి యంత్రాలు చేసే కంపెనీలకి లైసెన్సులిచ్చింది. రసీన్ పట్నంలోని జె.ఐ. కేస్ లాంటి పెద్ద కంపెనీతో పేచీ వచ్చి, 1907లో ఫెడరల్ అప్పీలు కోర్టు దాకా వెళ్ళింది. గడ్డి ఊదే గొట్టం కోసం అంతంత పెద్ద లాయర్లా అనిపిస్తుంది గానీ, ప్రతి నూర్పిడి యంత్రం వెనకా అదే గొట్టం బిగించాల్సి వచ్చినప్పుడు దానిమీద ఎంత డబ్బు ఉంటుందో మీరే ఊహించుకోండి.

మరి అంత సుఖమైన గొట్టం ఉండగా, పాత చెక్క ఎలివేటర్‌ని ఇంగ్లండువాళ్ళు ఎందుకు వదల్లేదు? నాకు చాలా రోజులు అర్థం కాలేదు, పాతని పట్టుకు వేలాడే అలవాటేమో అనుకున్నాను. అది కాదు. ఫ్యాను గడ్డిని నలిపేస్తుంది, విరగ్గొడుతుంది, పైగా కుప్పగా పోస్తుందే గానీ పేర్చదు, వాన దిగిపోతుంది. డకోటా, కాన్సాస్ మైదానాల రైతుకి అది లెక్కే కాదు. అక్కడ గడ్డికి ధర లేదు. కట్టెలూ బొగ్గూ దొరకని చోట్ల ఆ గడ్డినే ఆవిరి ఇంజన్‌ పొయ్యిలో తోసి మంట పెట్టేవాళ్ళు, దానికోసం గడ్డితో నడిచే ఇంజన్లే వేరేగా చేశారు. మిగిలిన కుప్ప చుట్టూ చలికాలం పశువులు తలదాచుకునేవి, ఆ తర్వాత నిప్పు పెట్టి తగలబెట్టేవాళ్ళు. ఇంగ్లండులో అలా కాదు, గడ్డి ఇంటి కప్పుకి కావాలి, కొట్టంలో గుర్రాల కింద పరవడానికి కావాలి, పట్నాల్లో అమ్ముడుపోతుంది. విరక్కుండా, తడవకుండా ఉండాలి. అందుకే నెమ్మదిగా, పొడుగు పోచలు పొడుగుగానే పైకి పంపే ఎలివేటర్ ఇక్కడ నిలిచింది.

మన దగ్గర గడ్డి అంటే ఎద్దుల తిండి, పాడి గేదె తిండి. కరువు ఏడాది ధాన్యంకన్నా వాము ఉన్నవాడికే మర్యాద ఎక్కువ. అయినా మా ఊరికి ఎలివేటరూ రాలేదు, గొట్టమూ రాలేదు. కూలి చవక, అంతే. పంగల కర్ర పట్టుకునే చేతులు దొరికినన్నాళ్ళు ఇంకోటి కొనే అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆ చేతుల్లో ఒక జత మా నాన్నవి, అందుకే ఈ మాట నేను కాస్త కోపంగానే చెప్తున్నాను.

మొన్న దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆ ఊదే గొట్టం వీడియో ఒకటి నాన్నకి చూపించాను. రెండుసార్లు చూశాడు. ‘బానే ఉందిరా, మరి గడ్డంతా నుసైపోతే గేదెలేం తింటాయి?’ అన్నాడు. అమెరికా రైతు మనసుకి రాని ప్రశ్న అది. తర్వాత ఎలివేటర్ వీడియో పెట్టాను. దానికి ఏమీ అనలేదు, ఫోను నా చేతిలోంచి తీసుకుని మొదటి నుంచి మళ్ళీ పెట్టమన్నాడు.

ఇప్పుడు మా ఊళ్ళో వాములు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. వరికోత యంత్రం గడ్డిని చాళ్ళుగా వదిలేసి పోతుంది, ట్రాక్టర్ వెనక బేలర్ వచ్చి కట్టలు కడుతుంది, డైరీలవాళ్ళు లారీల్లో వేసుకెళ్తారు, ఎవరూ రాకపోతే అగ్గిపుల్ల గీస్తారు. చదరపు కట్టలు కట్టే బేలర్లో పురికొసకి ముడి వేసే చిన్న ఉక్కు ముక్కు ఒకటి ఉంటుంది, వీలైతే దగ్గరగా చూడండి. 1870ల చివర్లో విస్కాన్సిన్‌లో జాన్ ఆపిల్‌బీ పనలు కట్టడానికి చేసిన ముడి యంత్రానికి అది మనవడి వరస. ఇంగ్లండులోనూ గడ్డిని కట్టలు కట్టేసే ఆ ముడే ఎలివేటర్‌ని సగం చంపింది, మిగతా సగం రెండో ప్రపంచయుద్ధం తర్వాత జోరందుకున్న కంబైన్లు, అంటే కోత, నూర్పిడి ఒకేసారి చేసే యంత్రాలు, చంపాయి. కంబైన్లు వచ్చాక ఇక్కడి రైతులూ పొలాల్లోనే గడ్డి తగలబెట్టేవాళ్ళు, రోడ్ల మీద పొగ, జనం గొడవ, చివరికి 1993 నుంచి చట్టంతో ఆపారు. ఢిల్లీ పొగ వార్తలు చూసి ఇక్కడివాళ్ళు మనకి నీతులు చెప్తే ఈ సంవత్సరం గుర్తుపెట్టుకోండి.

అయితే ఆ పాత యంత్రాలన్నీ పూర్తిగా ప్రదర్శన వస్తువులు అయిపోలేదు. ఇంగ్లండు పల్లెల్లో గడ్డి కప్పు ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి, వాటిని నేసేవాళ్ళకి పొడుగ్గా, నలగని గోధుమ గడ్డి కావాలి. ఇప్పటి పొట్టి రకాలు పనికిరావు, కంబైన్లో పడితే ఏ గడ్డీ పనికిరాదు. అందుకని కొందరు రైతులు మారిస్ విడ్జియన్ లాంటి పాత పొడుగు రకాలు కావాలనే వేసి, పాతకాలపు కోత యంత్రంతో పనలు కట్టించి, పాత డ్రమ్ములోనే నూరుస్తారు. మీలో పిల్లలున్నవాళ్ళు ఈ ఆగస్టులో ప్రదర్శనకి నాతో రండి, మూతికి కట్టుకోవడానికి తలో తువ్వాలు తెచ్చుకోండి. నేను మాత్రం ఈసారి కిందే ఉంటాను, తొట్టి దగ్గర.