లాక్‌డౌన్‌లో ఆగిపోయిన గడియారం: మీ రోజుల్ని ఐదు ప్రశ్నలతో కొలుచుకోండి

ముందు ఒక నోట్‌బుక్కు, పెన్ను తెచ్చుకోండి. వీడియో ఆపి వెళ్లినా ఫర్వాలేదు, నేను ఇక్కడే ఉంటా.

తెచ్చారా? సరే. ఈమధ్య మీ రోజులు ఎలా గడుస్తున్నాయో ఒకే ఒక్క అంకెలో రాసుకోవడం ఇవాళ నేర్చుకుందాం. ఆ అంకె తక్కువొస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తర్వాత చెప్తా.

నాకిది 2020లో అవసరమైంది. అప్పుడు ఎమ్మెస్సీ చదువుతున్నా. మార్చిలో హాస్టల్ ఖాళీ చేయమంటే, పది రోజుల్లో వచ్చేస్తాంలే అనుకుని రెండు జతల బట్టలతో ఊరెళ్లాను. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. నా పుస్తకాలు నెలల తరబడి హాస్టల్ గదిలోనే దుమ్ము పట్టాయి.

జూన్ వచ్చేసరికి నా నిద్ర రాత్రి మూడింటికి. పొద్దున తొమ్మిదింటి గూగుల్ మీట్ క్లాసులో నా పేరుండేది, నేను మాత్రం దుప్పటి కింద ఉండేవాణ్ణి. అమ్మ ఇడ్లీల మీద మూతపెట్టి పెట్టి విసిగిపోయి, "ఒరేయ్, నీకు టిఫిన్ పెట్టాలా, అన్నమే పెట్టేయాలా?" అని అడగడం మొదలుపెట్టింది.

[స్క్రీన్ మీద: ఐదు ప్రశ్నలు]

ఇప్పుడు రాయండి. ఇవి ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ప్రశ్నలు, 1998 నుంచి వాడుకలో ఉన్నాయి. నేను మన మాటల్లో చెప్తున్నా. గడిచిన రెండు వారాలనే గుర్తు తెచ్చుకోండి.

మనసు హుషారుగా, సంతోషంగా ఉందా? ప్రశాంతంగా, టెన్షన్ లేకుండా ఉన్నానా? ఒంట్లో చురుకు, ఓపిక ఉన్నాయా? నిద్ర లేచేసరికి అలసట తీరినట్టు అనిపించిందా? రోజులో నాకు ఆసక్తి కలిగించే పనులు ఉన్నాయా?

ఒక్కోదానికి మార్కు వేసుకోండి. ఎప్పుడూ అలాగే ఉంటే 5, చాలావరకు అయితే 4, సగానికి పైగా అయితే 3, సగం కంటే తక్కువైతే 2, అప్పుడప్పుడైతే 1, అస్సలు లేదంటే 0. అన్నీ కూడండి, మొత్తం 25కి. దాన్ని నాలుగుతో గుణిస్తే 100కి వస్తుంది. పరీక్ష కాదు కాబట్టి మీకు మీరే గ్రేస్ మార్కులు కలుపుకోవద్దు.

నాకు 9 వచ్చింది, అంటే వందకి 36. నాలుగో ప్రశ్నకి సున్నా.

25కి 13 కంటే తక్కువొస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి. జబ్బు ఉందని తేల్చేసినట్టు కాదు, ఒకసారి డాక్టర్‌తో మాట్లాడమని సూచన. బయటికి చెప్పుకోవడం కష్టంగా ఉంటే మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బులు అడగరు. 2022లో మొదలైంది. మా లాక్‌డౌన్ రోజుల్లో ఇది లేదు.

ఇక అంకె పెంచే సంగతి. అప్పట్లో నాకు బద్ధకం ఎక్కువైందనుకున్నా. తర్వాత తట్టింది. హాస్టల్లో నేను పొద్దున్నే లేచింది క్రమశిక్షణతో కాదు, తొమ్మిది దాటితే మెస్‌లో ఇడ్లీ అయిపోతుందన్న భయంతో! మెస్ టైము, బస్సు టైము, అటెండెన్సు, ఇవే నా గడియారం. ఇంట్లో ఇడ్లీ ఎప్పటికీ అయిపోదు. గడియారం పోయింది, దాంతోపాటే నిద్ర, తిండి, నడక అన్నీ చెదిరిపోయాయి. పైగా ఇరవై ఏళ్ల వయసులో ఒంట్లోని గడియారం సహజంగానే కాస్త లేటుగా నడుస్తుంది.

అందుకే లేచే టైము ఒక్కటే పట్టుకోండి. పడుకునే టైము కాదు. నిద్ర పట్టడం మన చేతిలో లేదు, అలారానికి లేవడం ఉంది. నేను ఏడున్నర పెట్టుకున్నా, ఆదివారం కూడా. లేవగానే టీ గ్లాసు పట్టుకుని డాబా ఎక్కేవాణ్ణి. పొద్దుటి వెలుతురు కంట్లో పడితేనే ఒంటికి రోజు మొదలైందని తెలుస్తుంది. రాత్రి వెలుతురు దీనికి ఉల్టా పని చేస్తుంది. నిద్రకు సాయపడే మెలటోనిన్ ఆలస్యమవుతుంది. ఫోన్ చార్జర్‌ని హాల్లోకి మార్చాను. మొదటి నాలుగు రోజులు నరకం, అబద్ధం చెప్పను. అయినా మధ్యాహ్నం పడుకోలేదు. ఐదో రోజు పదకొండున్నరకే కళ్లు మూతలు పడ్డాయి.

నడక సంగతి మనం అస్సలు గమనించం. హాస్టల్ నుంచి డిపార్ట్‌మెంటుకి, అక్కణ్ణుంచి లైబ్రరీకి, సాయంత్రం టీ బండికి. లెక్కేస్తే చాలా దూరం. ఇంట్లో మంచం నుంచి ఫ్రిజ్‌కి ఎనిమిది అడుగులు! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నవంబరులో ఇచ్చిన సలహా ప్రకారం పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం కావాలి. అంటే రోజుకి ఇరవై రెండు నిమిషాలు. నేను స్నేహితులకి ఫోన్ చేసినప్పుడల్లా డాబా మీద తిరిగేవాణ్ణి. ఐదో ప్రశ్న మార్కు పెరగడానికి ఆ కబుర్లే కారణమని నా అనుమానం.

తిండి గురించి రెండు ముక్కలు. టైముకి లేస్తే టైముకి ఆకలేస్తుంది, రాత్రి ఒంటిగంట మిక్చర్ డబ్బా దానంతటదే దూరమవుతుంది.

మహమ్మారి పోయింది కదా, ఇప్పుడెందుకంటారా? కోవిడ్ మీద పెట్టిన ప్రపంచ ఆరోగ్య అత్యవసర పరిస్థితిని 2023 మే 5న ఎత్తేశారు, నిజమే. కానీ ఒకసారి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌ పరీక్షలకి ప్రిపేరయ్యేవాళ్ల గదులు చూడండి. కిటికీలు మూసి, రాత్రంతా లైటు. క్లాసులన్నీ ఫోన్లోనే. వాళ్ల గడియారమూ నాదిలాగే ఆగిపోయింది.

ఇప్పుడు నోట్‌బుక్‌లో ఇవాళ్టి తేదీ వేసి, పక్కన మీ అంకె రాయండి. కింద రెండు వారాల తర్వాతి తేదీ కూడా వేసేయండి, ఆ రోజు మళ్లీ ఇవే ప్రశ్నలు. వందలో పది తేడా వస్తే నిజంగా మారినట్టు. నాకు నెల తర్వాత 60 వచ్చింది. నాలుగో ప్రశ్నకి మూడు.