కలివికోడి కోడి కాదు, ఎర్రచందనం గంధం కాదు

(కడప నుంచి ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి లిఖిత రూపం. శ్రోతల ప్రశ్నలకు జీవశాస్త్ర అధ్యాపకుడొకరు సమాధానాలిచ్చారు.)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. జంతువులనూ మొక్కలనూ శాస్త్రజ్ఞులు ఏ ప్రాతిపదికన వర్గీకరిస్తారు, ఆ సంగతిని ప్రాథమిక తరగతుల పిల్లలకు ఎలా చెప్పాలి అన్నది ఈనాటి అంశం. తొలి ఫోన్ ప్రొద్దుటూరు నుంచి. నమస్కారమమ్మా, అడగండి.

ప్రొద్దుటూరు శ్రోత: నమస్కారం సార్. మా పాప మూడో తరగతి చదువుతోంది. నీటిలో ఉండేవి, నేల మీద తిరిగేవి, గాలిలో ఎగిరేవి అని మూడు వరుసలు గీసి, గబ్బిలాన్ని పిచ్చుక పక్కన రాసింది. బడిలో దాన్ని కొట్టివేశారే గాని కారణం చెప్పలేదు. ఎగిరేదాన్ని ఎగిరేవాటిలో రాస్తే తప్పెలా అవుతుందని పాప అడిగితే నాకూ జవాబు తోచలేదు.

అధ్యాపకుడు: మీ పాప రాసినది తప్పు కాదు తల్లీ. ఆ వరుసకు పైన "ఎగిరేవి" అని ఉన్నప్పుడు గబ్బిలం అక్కడ ఉండవలసిందే. "పక్షులు" అని ఉంటేనే తప్పు. జలచరాలు, భూచరాలు, ఖేచరాలు అని విడదీయడం మన పెద్దలకు తెలిసిన పద్ధతే, అదీ ఒక వర్గీకరణే. శాస్త్రజ్ఞుడు మాత్రం ఆ ప్రాణి ఎక్కడ ఉంటుందని కాక, దాని శరీర నిర్మాణం ఎలాంటిది, సంతానాన్ని ఎలా కంటుంది, దేనితో దానికి చుట్టరికం కలుస్తుంది అని ఆరా తీస్తాడు. గబ్బిలానికి ఈకలుండవు, వెంట్రుకలుంటాయి. అది గుడ్డు పెట్టదు, పిల్లను కని పాలు ఇస్తుంది. దాని రెక్క అంటే పొడవుగా సాగిన వేళ్ళ మధ్య పరచుకున్న చర్మం. అందువల్ల అది ఆవుతో, ఎలుకతో, మనతో పాటు క్షీరదాల తరగతికి చెందుతుంది. ముందుగా ఒంటి మీద ఏముందో చూడమని పాపకు చెప్పండి. ఈకలుంటే అది పక్షే, ఎందుకంటే నేడు బతికి ఉన్న ప్రాణుల్లో ఈకలు మరి దేనికీ లేవు. పొలుసుల విషయంలో మాత్రం తొందర పడరాదు. చేపకూ పాముకూ ఉన్నట్టే నల్లమల అడవిలో తిరిగే అలుగుకూ పొలుసులున్నాయి, అవి మన గోళ్ళలో ఉండే పదార్థంతోనే ఏర్పడినవి, అయినా అది పిల్లకు పాలిచ్చే జంతువు. ఒక్క లక్షణాన్ని పట్టుకుని తీర్పు చెప్పే పిల్లవాడికి అలుగు బొమ్మ ఒకటి చూపిస్తే చాలు.

వ్యాఖ్యాత: సిద్ధవటం నుంచి ఐదో తరగతి విద్యార్థి.

సిద్ధవటం విద్యార్థి: నమస్తే సార్. మా దగ్గరి అడవిలో కలివికోడి ఉందని చెబుతారు. అది నాటుకోడికి చుట్టమా సార్?

అధ్యాపకుడు: కాదు నాయనా. ముళ్ళపంది పంది కాదు, ఎలుకకూ ఉడుతకూ చుట్టం. కర్నూలు వైపు రోళ్ళపాడుకు పేరు తెచ్చిన బట్టమేక మేక కాదు, పక్షి. అలాగే ఇదీను. శాస్త్రజ్ఞులు మెట్లు మెట్లుగా విడదీస్తారు: రాజ్యం, వర్గం, తరగతి, క్రమం, కుటుంబం, ప్రజాతి, జాతి. నీ నాటుకోడినీ కలివికోడినీ పై మెట్టు నుంచి కలిపి నడిపించు. రెండూ జంతువుల రాజ్యమే, రెండూ వెన్నెముక గల వర్గమే, రెండూ పక్షుల తరగతే. నాలుగో మెట్టైన క్రమం దగ్గర దారులు చీలిపోతాయి. కోడి నెమలి, కౌజు పిట్టలున్న క్రమంలోకి వెళుతుంది. కలివికోడి మన చెరువు గట్ల మీద అరిచే తీతువు పిట్టతో కలుస్తుంది. 1848లో దీన్ని శాస్త్రలోకానికి వివరించిన బ్లైత్ అనే పండితుడు పెట్టిన పేరులో "బైటార్క్వేటస్" అన్న మాటకు రెండు పట్టీలది అని అర్థం. దాని రొమ్ము మీద రెండు పట్టీలు కనిపిస్తాయి. 1900 తరువాత కంటికి కనబడక, అంతరించిందనే అందరూ అనుకున్న ఆ పిట్ట, 1986లో మీ సిద్ధవటం దగ్గరి రెడ్డిపల్లిలోనే, అక్కడి వారి సాయంతో మళ్ళీ దొరికింది. ఇది నీ పుస్తకంలో లేకపోయినా గుర్తు పెట్టుకోదగిన సంగతి.

వ్యాఖ్యాత: అనంతపురం నుంచి ఒక ఉపాధ్యాయిని.

అనంతపురం శ్రోత: నమస్కారమండీ. నాలుగో తరగతి పిల్లలకు శాస్త్రీయ నామాలు నేర్పమంటారా? వాళ్ళ నోటికి తిరగడం లేదు.

అధ్యాపకుడు: బట్టీ పట్టించవద్దమ్మా, కాని అవి ఎందుకున్నాయో తప్పక చెప్పండి. మీ జిల్లాలో శెనక్కాయలనేవాటిని కర్నూలులో బుడ్డలంటారు, వేరే చోట్ల పల్లీలంటారు, పుస్తకంలో వేరుశనగ అని రాస్తారు. ఒకే గింజకు మన భాషలోనే ఇన్ని పేర్లుంటే లోకమంతటా ఎన్ని ఉంటాయి? స్వీడన్ దేశస్థుడైన లినేయస్ 1753లో మొక్కలకూ, 1758లో జంతువులకూ రెండు మాటల పేర్లు వరుసగా వాడి ఈ చిక్కు విడదీశాడు. వేరుశనగను "అరాకిస్ హైపోజియా" అన్నాడు. హైపోజియా అంటే నేల కింద ఉండేది. ఈ పద్ధతి తెలుగు పిల్లలకే సులువుగా ఎక్కుతుందని నా అభిప్రాయం, ఎందుకంటే మనం ఇంటిపేరు ముందు రాసి, సొంత పేరు తరువాత రాస్తాం. ఇక్కడా అంతే, ముందుది ప్రజాతి, తరువాతిది జాతి. ఎర్రచందనం "టెరోకార్పస్ శాంటలినస్", వేగిస "టెరోకార్పస్ మార్సూపియం", అంటే ఇంటిపేరు ఒకటే. శ్రీగంధం మాత్రం "శాంటాలమ్ ఆల్బమ్", దాని ఇల్లే వేరు. చందనమన్న మాటను చూసి రెండింటినీ ఒకచోట చేర్చేవాళ్ళు పెద్దవాళ్ళలోనూ ఉన్నారు. నిజానికి ఎర్రచందనం చిక్కుడు కుటుంబానిది. వేరుశనగ, కంది, చింత, తుమ్మ దాని బంధువులు. శ్రీగంధం పక్క మొక్కల వేళ్ళ నుంచి కొంత ఆహారం లాక్కుని బతికే చెట్టు. కంది, చింత, తుమ్మ కాయలు మూడూ బల్ల మీద పెట్టి, ఇవి ఎందుకు చుట్టాలో పిల్లలనే వెతకనివ్వండి. విప్పి చూసి, గింజలు కాయలో ఒకే అంచున అంటుకుని ఉన్నాయని వాళ్ళే చెబుతారు.

వ్యాఖ్యాత: రాయచోటి నుంచి ఒక తండ్రి.

రాయచోటి శ్రోత: సార్, పుట్టగొడుగు మొక్కా, జంతువా?

అధ్యాపకుడు: రెండూ కాదండీ. అది పచ్చని ఆకులతో ఆహారం తయారు చేసుకోదు, జంతువులా మింగదు. కుళ్ళిన పదార్థం నుంచి పీల్చుకుంటుంది. 1969లో విట్టేకర్ అనే శాస్త్రజ్ఞుడు ప్రతిపాదించిన ఐదు రాజ్యాలలో శిలీంధ్రాలది వేరే రాజ్యం. మిగిలిన రెండు సూక్ష్మజీవులవి, వాటిని పై తరగతులకు వదిలేయవచ్చు.

వ్యాఖ్యాత: చివరి ఫోన్ కదిరి నుంచి. చెప్పు పాపా.

కదిరి విద్యార్థిని: నమస్తే సార్. మమ్మల్ని తిమ్మమ్మ మర్రిమానుకు తీసుకుపోయారు. అంత పెద్ద చెట్టులో ఒక్క పువ్వు కూడా కనబడలేదు. అందుకని పువ్వులేని మొక్కల్లో రాస్తే మార్కు పోయింది.

అధ్యాపకుడు: నువ్వు చూసి రాశావు కదా, నేనైతే సగం మార్కు వేసేవాణ్ణి. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన ఆ మానుకు లెక్కలేనన్ని పువ్వులుంటాయి, కాని అవి కాయ లోపల ఉంటాయి. మనం మర్రికాయ అనుకునేది నిజానికి పువ్వులను లోపల దాచుకున్న సంచి. మేడిపండు పొట్టలో పురుగులుంటాయన్న సామెత విన్నావు కదా? ఆ పురుగుల్లో చాలావరకు, సన్నని రంధ్రం గుండా లోపలికి దూరి పుప్పొడి చేర్చే చిన్న కందిరీగల సంతానమే. మేడి, రావి, మర్రి ఒకే ప్రజాతి. నిజంగా పువ్వులేని మొక్కలు కావాలంటే పాత బావి రాళ్ళ సందుల్లో పెరిగే ఫెర్న్ మొక్కలను చూడు. శేషాచలం కొండల్లోని పేరిత అనే చెట్టు విత్తనాలు కాస్తుంది గాని పువ్వు పూయదు.

కదిరి విద్యార్థిని: కాయ కోసి చూడొచ్చా సార్?

అధ్యాపకుడు: చూడాలి. అయితే తిమ్మమ్మ మానును ముట్టవద్దు, మీ ఊళ్ళో మర్రిచెట్టు కింద రాలిన కాయ తెచ్చుకో. మరీ మెత్తబడినది వద్దు. అమ్మనో నాన్ననో నిలువుగా రెండు చెక్కలుగా కోయమను. పాలు కారితే చేతికి జిగురు అంటుతుంది, కొబ్బరినూనె రాస్తే పోతుంది. భూతద్దం పెట్టి చూసి, కనిపించినది బొమ్మ వేసి మీ టీచరుకు చూపించు.

వ్యాఖ్యాత: సమయం పూర్తయింది. శ్రోతలందరికీ నమస్కారం.