ఆ పీక్ ఎవరిది?

నెల్లూరు రసాయనశాస్త్ర విద్యార్థులందరికీ నమస్కారం.

మన పొదలకూరు నిమ్మకాయల్ని తీసుకోండి. ఆ పులుపు సిట్రిక్ ఆమ్లానిదని బడిపిల్లలకూ తెలుసు. ఆ అణువులో ఏ హైడ్రోజన్ పక్కన ఏది ఉందో మాత్రం కంటికి కనిపించదు. ఎన్ఎంఆర్ (న్యూక్లియర్ మాగ్నెటిక్ రెజొనెన్స్) అనే పరీక్ష చెప్పేది అదే.

హైడ్రోజన్ కేంద్రకం చిన్న అయస్కాంతం లాంటిది. దాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో ఉంచి రేడియో తరంగం తగిలిస్తే బదులు పలుకుతుంది. ఇరుగుపొరుగును బట్టి ఆ పలుకు మారుతుంది. ఈ సంకేతాన్ని శాస్త్రవేత్తలు ఫెలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్‌ల బృందాలు విడివిడిగా పట్టుకుని 1946లో ప్రకటించాయి. 1951లో ఇథనాల్‌లోని మూడు రకాల హైడ్రోజన్లను విడదీసి చూపిన ముగ్గురిలో ధర్మట్టి మన దేశస్థుడే. తర్వాత ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్‌లో ఈ పరిశోధన మొదలుపెట్టిందీ ఆయనే.

సిట్రిక్ ఆమ్లాన్ని భారజలంలో (హైడ్రోజన్ బదులు దాని బరువైన రూపం డ్యూటీరియం ఉన్న నీటిలో) కరిగించి స్పెక్ట్రమ్, అంటే ఆ పలుకుల్ని గీతలుగా చూపే పటం, తీస్తే ఆమ్లపు హైడ్రోజన్లు, ఓహెచ్ హైడ్రోజన్ డ్యూటీరియంతో మారిపోయి కనిపించవు. రెండు కార్బన్ల మీద రెండేసి చొప్పున నాలుగు మిగులుతాయి. అన్నీ ఒకేలాంటివే కదా, ఒక్క గీతే రావాలనుకుంటాం. నాలుగు వస్తాయి! ఒకే కార్బన్ మీద ఉన్నా ఆ రెండు హైడ్రోజన్ల పరిసరాలు ఒకటి కావు. పైగా ఒకదాని గీతను ఇంకొకటి చీలుస్తుంది. నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది ఇక్కడే.

నేను పీహెచ్‌డీ చేసేటప్పుడు మా దగ్గర ఆ మెషీన్ లేదు. శాంపిళ్లను చిన్న సీసాల్లో పెట్టి వేరే ఊరికి పంపేవాళ్లం. రిజల్ట్ వచ్చేదాకా టెన్షనే. ఒకసారి ఆల్డిహైడ్ నుంచి ఆల్కహాల్ చేశాను. స్పెక్ట్రమ్ చక్కగా ఉంది, కానీ 9.8 పీపీఎం (గీత ఉన్న చోటును చెప్పే కొలత) దగ్గర చిన్న పీక్, అంటే ఒక గీత. ఏదో మలినంలే అని వదిలేయబోయాను. మా గైడ్ వేలు పెట్టి, "ఇదెవరిదిరా?" అన్నారు. అది ఆల్డిహైడే. రియాక్షన్ పూర్తి కాలేదు. నేను గొప్పగా రాసుకున్న దిగుబడి అంకె తప్పు.

ఇప్పుడూ ఈ మెషీన్ ప్రతి కాలేజీకీ అందేది కాదు. 400 మెగాహెర్ట్జ్ పరికరంలోని అయస్కాంతం 9.4 టెస్లాలు. అంటే భూమి అయస్కాంత క్షేత్రానికి దాదాపు రెండు లక్షల రెట్లు. దాని తీగచుట్టను ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీల దగ్గర ఉంచాలి. హీలియం తగ్గిపోకముందే మళ్లీ నింపుతుండాలి. అందుకే మీలో చాలామంది శాంపిల్ బయటికి పంపి, ప్రింట్ తెప్పించుకుని, దాన్ని థీసిస్ చివర అతికిస్తున్నారు. నాకు బాధగా ఉండేది అక్కడే. ప్రింట్‌తో సరిపెట్టుకోకండి, ముడి డేటా అడగండి. ఫేజ్ (పీకులు వంకర పోకుండా చేసే సర్దుబాటు) మీరే సరిచేయండి, ఇంటిగ్రేషన్ (పీక్ వైశాల్యాన్ని బట్టి హైడ్రోజన్ల లెక్క) మీరే వేయండి. 7.26 దగ్గర ద్రావణిలోని క్లోరోఫారం, 2.05 దగ్గర కాలమ్‌లో శుద్ధి చేసినప్పుడు మిగిలిన ఇథైల్ ఎసిటేట్... తెలిసినవాళ్లను ముందు పక్కన పెట్టండి. తర్వాత కూడా ఒక పీక్ లెక్కకు రాకపోతే, దానికి పేరు దొరికేదాకా పేపర్ పంపకండి.

మధ్యాహ్నం ల్యాబ్‌లో ఒక స్పెక్ట్రమ్ ఇస్తాను. దాని మీద కాంపౌండ్ పేరు ఉండదు. పెన్సిల్, స్కేల్ తెచ్చుకోండి.