పేరు పిలిస్తే పలికేదెవరు?

మిత్రులారా, నమస్కారం.

ఒక కంప్యూటర్ ఇంకో కంప్యూటర్‌తో మాట్లాడాలంటే అంకెల అడ్రస్ కావాలి. మనకేమో పేర్లే గుర్తుంటాయి. షేర్డ్ ఫోల్డర్ తెరుచుకున్నంత కాలం ఆ పేరును అడ్రస్‌గా మార్చిందెవరో ఎవరూ పట్టించుకోరు. ఈ హాల్లో రేపు ల్యాబులు, ఆఫీసు నెట్‌వర్కులు చూసుకోబోయేవాళ్ళు చాలామంది ఉన్నారు. మీరు మాత్రం పట్టించుకోవాలి.

1983లో ఐబీఎం పీసీ నెట్‌వర్క్ కోసం సైటెక్ కంపెనీ, కంప్యూటర్లు ఒకదాన్నొకటి పేరుతో పిలుచుకుని మాట్లాడుకునే నెట్‌బయోస్ అనే ఏర్పాటును తయారుచేసింది. అవి చిన్న నెట్‌వర్కులు. పేరు వెతకడమంటే పెళ్ళి పందిట్లో నిలబడి "శీనూ!" అని కేకేయడమే. అందరికీ వినిపిస్తుంది, శీను ఒక్కడే పలుకుతాడు. అదే బ్రాడ్‌కాస్ట్. 1987లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 1001, 1002 అనే ప్రమాణ పత్రాలు దీన్ని ఇంటర్నెట్ వాడే టీసీపీ/ఐపీ పద్ధతి మీద ఎలా నడపాలో చెప్పాయి. అప్పటినుంచి ఈ పిలుపు యూడీపీ 137వ పోర్టులో, అంటే మెషీన్‌లో ఈ పనికి కేటాయించిన తలుపు దగ్గర, వినబడుతోంది.

విండోస్ మెషీన్‌లో 'ఎన్‌బీటీస్టాట్' కమాండ్‌కి 'మైనస్ ఎన్' తగిలించి కొట్టి చూడండి. మీ మెషీన్ పేరు ఒకటికి రెండుసార్లు కనబడుతుంది, పక్కన వేర్వేరు సంఖ్యలతో. పేరుకి మొత్తం 16 బైట్లు. మనం వాడుకునేది 15, చివరి బైట్ ఆ పేరు మీద ఏ సర్వీసు నడుస్తోందో చెబుతుంది. 00 అంటే వర్క్‌స్టేషన్, 20 అంటే ఫైల్ షేరింగ్. మెషీన్ ఆన్ కాగానే "ఈ పేరు నేను తీసుకుంటున్నాను, ఎవరికైనా అభ్యంతరమా?" అని అడుగుతుంది. ఎవరూ అడ్డు చెప్పకపోతే పేరు దానిదే. ఒకే ఇమేజ్‌తో, అంటే ఒక మెషీన్ డిస్క్ నకలుతో, ల్యాబంతా క్లోన్ చేసి పేర్లు మార్చడం మరిచిపోతే, ఇదే పేరు నెట్‌వర్క్‌లో ఇంకొకటుందని ఎర్రర్ వచ్చేది ఇందుకే.

అయితే మామూలుగా రౌటర్ బ్రాడ్‌కాస్ట్‌ని దాటనివ్వదు. పై అంతస్తు వేరే సబ్‌నెట్‌లో, అంటే రౌటర్‌కి అవతలి విడి నెట్‌వర్క్ భాగంలో, ఉంటే అక్కడి సర్వర్‌కి మన కేక చేరదు. విండోస్ మూడుసార్లు, ఒక్కోసారి 750 మిల్లీసెకన్ల చొప్పున ఎదురుచూసి ఊరుకుంటుంది. అందుకే 1994లో విండోస్ ఎన్‌టీ 3.5తో విన్స్ సర్వర్ వచ్చింది. ప్రతి మెషీన్ తన పేరు అక్కడ నమోదు చేసుకుంటుంది, కావలసినవాళ్ళు నేరుగా దాన్నే అడుగుతారు. లైనక్స్‌లో సాంబా అనే సాఫ్ట్‌వేర్ కూడా ఈ పని చేయగలదు. ఇంటర్నెట్ స్థాయిలో ఇదే అవసరానికి పాల్ మొకపెట్రిస్ 1983లోనే పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్ఎస్‌ని రూపొందించారు. విండోస్ 2000 నుంచి ఆఫీసులోని యూజర్లను, మెషీన్లను ఒకేచోట నిర్వహించే యాక్టివ్ డైరెక్టరీ దానిమీదే నిలబడింది.

ఇంతా అయ్యాక కూడా కేకలు ఆగలేదు. నన్ను బాగా కలవరపెట్టేది ఇదే. డీఎన్ఎస్ "ఆ పేరు లేదు" అనగానే విండోస్ ఊరుకోదు. విండోస్ విస్టా నుంచి వచ్చిన, ఇలాగే చుట్టూ కేకేసి అడిగే ఎల్ఎల్ఎంఎన్ఆర్‌తోనూ, పాత నెట్‌బయోస్‌తోనూ చుట్టుపక్కల మెషీన్లన్నింటినీ అడుగుతుంది. అకౌంట్స్ సెక్షన్‌లో ఒకరు సర్వర్ పేరులో ఒక అక్షరం తప్పు కొట్టారనుకోండి. ఆ పేరుతో ఏ మెషీనూ లేదు కాబట్టి నిజానికి ఎవరూ పలకకూడదు. కానీ అదే నెట్‌వర్క్‌లో దురుద్దేశంతో కూర్చున్న ల్యాప్‌టాప్ "నేనే" అంటుంది. విండోస్ దాన్ని నమ్మి లాగిన్‌కి సిద్ధపడుతుంది. పాస్‌వర్డ్ నేరుగా పోదు గానీ, దాని ఆధారంగా లెక్కకట్టిన జవాబు వెళ్ళిపోతుంది. పాస్‌వర్డ్ బలహీనమైనదైతే అవతలివాడు దాన్ని తీరిగ్గా ఛేదిస్తాడు. ఇక్కడ వైరస్ లేదు, ఎవరూ లింకు నొక్కలేదు. జవాబిచ్చినవాడెవడో సరిచూసే ఏర్పాటు ఆ ప్రోటోకాల్‌లోనే లేదు.

కాబట్టి డీఎన్ఎస్ సరిగ్గా నడుస్తున్న ఆఫీసులో ఈ రెండూ ఆపేయాలని గట్టిగా చెబుతాను. ఎల్ఎల్ఎంఎన్ఆర్‌ని, మెషీన్లన్నింటి సెట్టింగ్స్ ఒకేచోటినుంచి మార్చే గ్రూప్ పాలసీలో ఆపవచ్చు. నెట్‌బయోస్‌ని ఆపే వీలు నెట్‌వర్క్ కార్డ్ సెట్టింగ్స్‌లోని విన్స్ ట్యాబ్‌లో ఉంది. కానీ అన్ని మెషీన్లలో ఒకేసారి ఆపకండి. ముందు ఒక గదిలో ఆపి, వారం రోజులు గమనించండి. పాత స్కానర్ ఏదైనా నెట్‌బయోస్ పేరుతోనే ఫైళ్ళు పంపుతుంటే, దానికి డీఎన్ఎస్ సర్వర్ అడ్రస్ ఇచ్చి, ఆ పేరుకి రికార్డు రాశాకే మిగతా గదుల్లోకి వెళ్ళండి.