ఐదు కయాక్‌ల దూరం: ఎల్క్‌హార్న్ స్లూ కయాక్ యాత్ర రివ్యూ

నమస్కారం. ముందుగా ఒక పది సెకన్లు నేను మాట్లాడకుండా ఉంటాను. ఈ శబ్దం వినండి.

విన్నారు కదా? టక్ టక్ టక్ టక్. కాస్త ఆగి, మళ్లీ టక్ టక్. ఎవరో వడ్రంగి మేకు కొడుతున్నట్టు ఉంది. అది ఒక సీ ఆటర్, అంటే సముద్రపు నీటికుక్క. నీటి మీద వెల్లకిలా తేలుతూ, రొమ్ము మీద ఒక రాయి పెట్టుకొని, ముందు కాళ్లతో ఆల్చిప్పను పట్టుకొని దాని మీద బాదుతోంది. ఇది ఎక్కడ రికార్డు చేశానో చివర్లో చెబుతాను.

ఈ రోజు రివ్యూ కాలిఫోర్నియాలోని ఎల్క్‌హార్న్ స్లూలో, గైడ్‌తో కలిసి వెళ్లే కయాక్ యాత్రల గురించి. కయాక్ అంటే కూర్చొని తెడ్డుతో నడిపే సన్నని చిన్న పడవ. శాంటా క్రూజ్‌కూ మాంటెరేకూ నడుమ మాస్ లాండింగ్ అనే చిన్న రేవు ఉంది. విద్యుత్ కేంద్రపు ఎత్తైన జంట పొగగొట్టాలే దానికి గుర్తు. అక్కడి నుంచి సముద్రపు నీరు ఒక పాయగా విడిపోయి, సుమారు 11 కిలోమీటర్లు భూమి లోపలికి వస్తుంది. మనకు దీనికి సరిపోయే మాట ఉంది: ఉప్పుటేరు. పోటు వచ్చినప్పుడు నిండుగా ఉంటుంది, ఆటు సమయంలో రెండు పక్కలా బురద మేటలు బయటపడతాయి. ఇంత చిన్న ఏటిలో వందకు పైగా సీ ఆటర్లు బతుకుతున్నాయి. అందుకే కయాక్ యాత్రలకు ఈ చోటికి అంత పేరు.

నేను ఇక్కడ రెండు సార్లు, రెండు వేర్వేరు సంస్థలతో వెళ్లాను. పేర్లు చెప్పను. ఒకే సంస్థలో కూడా గైడ్‌ను బట్టి అనుభవం మారిపోతుంది. మీరు ఎవరితో వెళ్లినా దేనిని గమనించాలో చెప్పడమే ఈ వీడియో ఉద్దేశం.

మొదటిసారి మధ్యాహ్నం వెళ్లాను. పన్నెండు కయాక్‌లకు ఒకే గైడ్. ఒడ్డున ఐదు నిమిషాల్లో తెడ్డు ఎలా పట్టుకోవాలో, లైఫ్ జాకెట్ ఎలా బిగించుకోవాలో చెప్పి నీటిలోకి దింపేశారు. రేవు దాటగానే సీ ఆటర్ల గుంపు కనిపించింది. పదో పన్నెండో, ఒకదాని పక్కన ఒకటి వెల్లకిలా పడుకొని, పాదాలు పైకెత్తి నిద్రపోతున్నాయి. మా కయాక్‌లన్నీ అటే తిరిగాయి. గైడ్ ముందెక్కడో ఉన్నారు. ఒక కయాక్ కొట్టుకుంటూ పోయి వాటి పక్కకే చేరింది. ఒక తల లేచింది, తర్వాత రెండోది. మరుక్షణంలో అన్నీ ఒక్కసారిగా నీటిలోకి మునిగిపోయాయి. అందరూ ఆనందంతో కేకలు వేశారు. నేను కూడా ఆ సందడిలో ఉన్నాను. దాన్ని తలచుకుంటే ఇప్పుడు బాధ కలుగుతుంది, ఎందుకో చెబుతాను.

తిమింగలాలకు, సీల్‌లకు చర్మం కింద దళసరి కొవ్వు పొర ఉంటుంది. సీ ఆటర్‌కు అది లేదు. మాంటెరే తీరంలో నీరు ఏడాదిలో ఎక్కువ భాగం 10 నుంచి 15 డిగ్రీల మధ్యే ఉంటుంది. ఆ చలిని కాచుకోవడానికి దానికి ఉన్నవి రెండే: బొచ్చు, తిండి. మన తల మొత్తం మీద ఉండే వెంట్రుకలు సుమారు లక్ష. సీ ఆటర్ ఒంటి మీద ఒక్క చదరపు అంగుళంలోనే 10 లక్షల వరకు ఉంటాయి. ఆ బొచ్చులో గాలి నిలిచి ఉంటే చన్నీరు చర్మాన్ని తాకదు. ఇక తిండి సంగతి: తన బరువులో దాదాపు నాలుగో వంతు ప్రతి రోజూ తినాలి. 20 కిలోల ఆడ ఆటర్ రోజుకు ఐదు కిలోల పీతలు, ఆల్చిప్పలు ఏటి అడుగు నుంచి వెతికి తెచ్చుకోవాలి. అంత కష్టపడి సంపాదించిన శక్తిని నిద్రలో పొదుపు చేసుకుంటుంది. మనం లేపినప్పుడల్లా ఆ పొదుపులో కొంత పోతుంది. ఒక కయాక్ వల్ల పెద్ద నష్టం లేదని అనిపించవచ్చు. కానీ ఆ ఏటి మీదికి కయాక్‌లు రోజంతా వస్తూనే ఉంటాయి కదా.

చట్టం కూడా ఇదే చెబుతుంది. అమెరికాలో 1972లో వచ్చిన సముద్ర క్షీరదాల రక్షణ చట్టం ప్రకారం, అవి చేసుకుంటున్న పనికి భంగం కలిగించడం కూడా వేధింపే అవుతుంది. ముట్టుకోకపోయినా సరే. పైగా ఈ దక్షిణ సీ ఆటర్ 1977 నుంచి ముప్పున్న జాతుల జాబితాలో ఉంది. బొచ్చు కోసం ఒకప్పుడు వీటిని ఎంతగా వేటాడారంటే, కాలిఫోర్నియాలో ఇవి పూర్తిగా అంతరించాయనే అనుకున్నారు. 1938లో బిగ్ సర్ తీరంలో 50 దాకా ఉన్న ఒక గుంపు లోకం కంటపడింది. ఈనాడు ఆ తీరం వెంట ఉన్న సుమారు మూడు వేలూ అలా మిగిలిన కొద్ది ఆటర్ల సంతతే.

ఇప్పుడు రెండో యాత్ర. ఉదయం ఎనిమిది గంటలకు, ఆరు కయాక్‌లు, ఒక గైడ్. ఆమె చేసిన మొదటి పనే నన్ను కట్టిపడేసింది. ఒడ్డున ఇసుకలో ఐదు కయాక్‌లను ఒకదాని మూతికి ఇంకొకటి తగిలేలా వరుసగా పెట్టించారు. ఒక చివర ఒక టోపీ ఉంచి, మమ్మల్ని రెండో చివర నిలబెట్టారు. "ఆ టోపీ సీ ఆటర్ అనుకోండి. ఇంతకంటే దగ్గరకు వెళ్లకూడదు" అన్నారు. ఐదు కయాక్‌లంటే సుమారు 60 అడుగులు. నీటి మీద దూరాన్ని అంచనా వేయడం చాలా కష్టం, కళ్లు మోసపోతాయి. ఇసుకలో చూసిన ఆ కొలత మాత్రం రెండున్నర గంటలూ నా మనసులో నిలిచింది.

ఆ దూరం నుంచే నేను చూసినది వినండి. ఒక తల్లి, దాని పొట్ట మీద పిల్ల. తల్లి పిల్ల బొచ్చును నాకి, ఊది, దువ్వింది. చిన్న పిల్లల బొచ్చులో గాలి ఎంత నిండి ఉంటుందంటే, అవి మునగాలన్నా మునగలేవు, బెండులా తేలుతాయి. తల్లి పిల్లను అలా నీటి మీద వదిలి మునిగింది. పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. సన్నగా, పక్షి కూతలా ఉంటుంది ఆ ఏడుపు. మేమంతా తెడ్లు ఒడిలో పెట్టుకొని ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. నిమిషం దాటింది. తల్లి పీతతో పైకి వచ్చి, ఒక్కొక్క కాలూ విరిచి కరకరలాడించింది. పిల్ల ఎగబాకి నోటి దగ్గరి ముక్క లాక్కుంది. ఇరవై నిమిషాలు చూశాం. తల్లి ఒక్కసారి కూడా మా వైపు తల తిప్పలేదు. మొదటి యాత్రలో ఎంతో దగ్గర నుంచి చూసింది రెండు క్షణాలు, అదీ పారిపోతున్న వీపులను.

అందుకే నా తీర్పు ఇది: మిమ్మల్ని దూరంగా ఉంచే గైడ్‌కే డబ్బు ఇవ్వండి. "చాలా దగ్గరగా చూపిస్తాం" అని ప్రకటించుకునే యాత్రను వదిలేయండి.

గైడ్ ఉండటం వల్ల దక్కే ఇంకో లాభం, కంటికి కనిపించని సంగతులు తెలియడం. ఈ ఏటి అడుగున ఈల్‌గ్రాస్ అనే నీటిగడ్డి పెరుగుతుంది. పొలాల ఎరువులు కొట్టుకొచ్చి నాచు పెరిగి ఆ గడ్డిని కప్పేస్తుంటే, 1980లలో వచ్చి చేరిన సీ ఆటర్లు దాన్ని కాపాడాయి. అది ఎలాగంటే, ఆటర్లు పీతలను తింటాయి. పీతలు తగ్గితే వాటికి ఆహారమైన చిన్న సముద్రపు నత్తలు పెరుగుతాయి. ఆ నత్తలు గడ్డి మీది నాచును తినేసి శుభ్రం చేస్తాయి. 2013లో ఈ ఏటి మీద వచ్చిన పరిశోధన ఈ గొలుసును వివరించింది. గట్లను తొలిచే పీతలను ఆటర్లు తినడం వల్ల ఒడ్డు కోత నెమ్మదించిందని 2024లో నేచర్ అనే శాస్త్ర పత్రికలో మరో పరిశోధన వచ్చింది. ఇదంతా మా గైడ్ ఒక పీత డొల్లను చేతిలో పట్టుకొని చెప్పారు. ఆమె చెబుతుంటే నా కయాక్ కింద ఊగుతున్న ఆ గడ్డిని కొత్తగా చూశాను.

హార్బర్ సీల్‌ల గురించి కూడా కొంచెం. ఆటు సమయంలో ఇవి బురద మేటల మీదికి ఎక్కి, తలా వెనుక పాదాలూ పైకెత్తి, పడవలా వంగి పడుకుంటాయి. వసంతంలో పిల్లలు పుడతాయి. ఆ రోజుల్లో మరింత దూరం పాటించాలి, తల్లి బెదిరి నీటిలోకి జారితే పిల్ల ఒంటరిదవుతుంది. తలలన్నీ మీ వైపు తిరిగాయంటే మీరు అప్పటికే దగ్గరకు వచ్చేశారని అర్థం, మెల్లగా వెనక్కి తగ్గండి. పక్షుల విషయానికి వస్తే, గూడబాతులు నీటిలోకి నిటారుగా దూకే దృశ్యం ఒక్కటి చాలు. మిగతావి మీరే చూసుకోండి.

ఇక పనికొచ్చే సంగతులు. ఉదయం యాత్రే ఎంచుకోండి. మధ్యాహ్నానికి సముద్రం మీది నుంచి గాలి లేస్తుంది, అది లోపలికి వీస్తుంది. వెళ్లేటప్పుడు హాయిగా తోసుకుపోతుంది, తిరుగు ప్రయాణంలో మొహానికి ఎదురుగాలి. మొదటిసారి నా భుజాలు రెండు రోజులు నొప్పి పెట్టాయి. ఆటుపోట్ల పట్టిక కూడా చూసుకోండి. పోటుతో లోపలికి వెళ్లి ఆటుతో తిరిగి వస్తే తెడ్డు శ్రమ సగం తగ్గుతుంది. అయితే ఆటు బలంగా ఉన్నప్పుడు హైవే వంతెన కింద ప్రవాహం మిమ్మల్ని రేవు వైపు లాగేస్తుంది. కొత్తవాళ్లు గైడ్ లేకుండా అక్కడికి వెళ్లకండి.

ఎండగా ఉన్నా నూలు బట్టలు వద్దు, తడిస్తే చలి ఎముకల్లోకి దిగుతుంది. ఉన్ని బట్టలు, లేదా త్వరగా ఆరే బట్టలు వేసుకోండి. ఫోనుకు నీరు చేరని సంచి తప్పనిసరి. వీటన్నిటికంటే ముఖ్యం ఒక మామూలు బైనాక్యులర్. 60 అడుగుల దూరం దానితో మీ ఒడిలోకి వస్తుంది, మీసాల మీది నీటి చుక్కలు కూడా కనిపిస్తాయి. బుక్ చేసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఒక గైడ్‌కు ఎన్ని కయాక్‌లు? జంతువులకు ఎంత దూరం పాటిస్తారు? రెండో ప్రశ్నకు తడుముకోకుండా జవాబు వస్తే అక్కడే బుక్ చేసుకోండి.

తెడ్డు వేయలేని పెద్దవాళ్లు మీతో ఉంటే నిరుత్సాహపడకండి. మాస్ లాండింగ్‌లోనే జెట్టీ రోడ్డు అని ఉంది. అది రేవును ఆనుకొని పోతుంది, అక్కడ ఒడ్డు నుంచే ఆటర్లు కనిపిస్తాయి. ఆ దగ్గరలోనే, రోడ్డు కింద నీరు పారే తూముల వద్ద రాళ్ల మీద ఇవి ఆల్చిప్పలను బద్దలు కొట్టేవి. ఆ పెంకుల గుట్టలను పురావస్తు శాస్త్రవేత్తలు పరిశీలించి, 2019లో ఒక సంగతి బయటపెట్టారు. చాలా చిప్పలు ఒకే తీరుగా, కుడి పక్కనే పగిలాయట. అంటే వీటిలో కుడిచేతి వాటం ఉందన్నమాట.

రెండో యాత్ర ముగిశాక నేను ఆ రోడ్డు మీదే కారు ఆపుకొని, అద్దం దించి కూర్చున్నాను. మంచు విడిపోతోంది. ఆటర్ కనిపించడానికి ముందే శబ్దం వినిపించింది. మొదట్లో మీకు వినిపించినది అదే. ఇంకోసారి పెడుతున్నాను, ఈసారి చెవి దగ్గర పెట్టుకొని వినండి. నాలుగో దెబ్బ తర్వాత చిప్ప పగలడం తెలుస్తుంది.