ట్యూబ్ కింద ఎల్ఈడీ: వెచ్చటి సౌండ్ కోసం ప్రీయాంప్ కొనేవాళ్ళు ఏం చూడాలి? (స్టూడియో చర్చ)

యాంకర్: నమస్కారం. ఈ చర్చ ఒక ఫొటోతో మొదలైంది. మన ప్రేక్షకుడొకాయన ఇంట్లో హైఫై కోసం 12 వోల్టుల అడాప్టర్‌తో నడిచే ట్యూబ్ ప్రీయాంప్ కొన్నారు, అంటే స్పీకర్లని నడిపే పవర్ యాంప్‌కి ముందు పెట్టే, పాత రేడియోల్లోలాంటి గాజు ట్యూబ్ ఉన్న పెట్టె, కంపెనీ పేరు చెప్పను, మూత తీసి చూస్తే ట్యూబ్ కింద ఆరెంజ్ ఎల్ఈడీ వెలుగుతోందట, సౌండంతా పక్కనున్న ఐసీ చిప్‌లోంచే వస్తోందని ఆయన అంటున్నారు. ఇది మోసమా? ముగ్గురికీ సమానంగా టైమ్ ఇస్తా. నేను మా తాతగారి మర్ఫీ రేడియో వింటూ పెరిగినవాణ్ణి, ఆ వెచ్చదనం ఇప్పటి సెట్లలో లేదు, అది మనసులో పెట్టుకుని మాట్లాడండి. ముందు మేడమ్.

సౌండ్ ఇంజినీర్: ఎల్ఈడీ ఉన్నంత మాత్రాన మోసం అనలేమండీ. చిన్న ట్యూబ్‌లో హీటర్ తీగ వెలుగు సన్నగానే ఉంటుంది, అందుకే అందం కోసం కింద లైటు పెడతారు. చూడాల్సింది ప్లేట్ మీద, అంటే ట్యూబ్ లోపల ఎలక్ట్రాన్లని లాగే రేకు మీద, ఎంత వోల్టేజీ...

రిపేర్ నిపుణుడు: గదే, గదే! అమ్మా, జెర్ర నన్ను చెప్పనీ. ముప్పై ఏండ్ల సంది కోఠి గుజరాతీ గల్లీ సామానుతోనే బతుకుతున్న నేను. ప్రీయాంపులల్ల మస్తు వాడే 12ఏఎక్స్7 ట్యూబ్‌కు కంపెనీ ఇచ్చే డేటాషీట్ల ప్లేటుకు 100 వోల్టులు, 250 వోల్టులు అని రాసి ఉంటది. వీళ్ళేమో 12 వోల్టుల అడాప్టర్ ఇచ్చి ట్యూబ్ ప్రీయాంప్ అని అమ్ముతరు. గది దీపం, ప్రీయాంప్ కాదు!

సౌండ్ ఇంజినీర్: అడాప్టర్ 12 వోల్టులే అయినా లోపల వోల్టేజీని పెంచే స్టెప్అప్ సర్క్యూట్ ఉండొచ్చు కదండీ, కొలవకుండా ఎలా చెప్తాం? 1950ల చివర్లో కార్ రేడియోల కోసం 12 వోల్టుల ప్లేట్‌తోనే పనిచేసే ట్యూబులు కూడా...

రిపేర్ నిపుణుడు: కార్ రేడియో ముచ్చట వేరే! ఆ ట్యూబులు వేరే!

యాంకర్: మర్ఫీలో ఏ ట్యూబులు ఉండేవి సార్?

రిపేర్ నిపుణుడు: అది తర్వాత చెప్త. ముందు వోల్టేజీ.

హైఫై ప్రియుడు: నేనొక్క మాట. నాది ట్రాన్సిస్టర్ పవర్ యాంప్, సీడీ ప్లేయర్. మొదట కొన్న ప్రీయాంప్‌లో 12ఏఎక్స్7 ఉండేది, వాల్యూమ్ కొంచెం తిప్పితే చాలు ఇల్లు ఎగిరిపోయేది, మౌనంలో స్‌స్ అని హిస్. సీడీ ప్లేయరే 2 వోల్టులు ఇస్తుంది, చాలా పవర్ యాంపులకి 1 వోల్టు దగ్గర్లోనే ఫుల్ సౌండ్ వచ్చేస్తుంది, ఇంక గెయిన్, అంటే సిగ్నల్‌ని పెంచడం, ఎందుకు? ట్యూబ్ ఎన్ని రెట్లు పెంచగలదో చెప్పే యాంప్లిఫికేషన్ ఫాక్టర్ 12ఏఎక్స్7కి 100, 12ఏయూ7 అనే ఇంకో ట్యూబ్‌కి 20కి లోపే. తర్వాత 12ఏయూ7 చుట్టూ కట్టిన ప్రీయాంప్ తెచ్చుకున్నా, నాకు ప్రాణం లేచొచ్చింది.

సౌండ్ ఇంజినీర్: అది చాలా ముఖ్యమైన మాట. కాకపోతే ఒకటి, రెండు ట్యూబులకీ పిన్నులు ఒకటే గదా అని ఉన్నదాంట్లో పీకి ఇది పెట్టేస్తే కుదరదు, బయాస్, అంటే ట్యూబ్ పనిచేసే స్థితిని ఖాయం చేసే వోల్టేజీ, మారిపోతుంది.

యాంకర్: మేడమ్, ప్రేక్షకులకి అర్థమయ్యేలా చెప్పండి, వెచ్చదనం అంటే అసలు ఏంటి?

సౌండ్ ఇంజినీర్: మధ్య స్థాయి సా పాడారనుకోండి, ట్యూబ్ దానికి పై సా సన్నగా కలుపుతుంది. సెకండ్ హార్మోనిక్ అంటే అదే, రెట్టింపు ఫ్రీక్వెన్సీ. మూడోది పై పంచమం. ఇవి సంగీతంలో ఉన్న స్వరాలే కాబట్టి చెవికి తప్పుగా అనిపించవు, గొంతు నిండుగా ఉన్నట్టు ఉంటుంది. కానీ కొలతలో అది డిస్టార్షనే, అసలు సిగ్నల్‌లో లేనిది కలవడమే, అందుకే...

యాంకర్: అదే! మర్ఫీలో ఘంటసాల గారి గొంతు అలాగే నిండుగా ఉండేది!

సౌండ్ ఇంజినీర్: అందులో ట్యూబ్ వాటా కొంతేనండీ. మీడియం వేవ్‌లో పై ఫ్రీక్వెన్సీలు పెద్దగా రావు, పైగా చెక్క పెట్టె, పెద్ద స్పీకర్, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్. ప్రీయాంప్ ఒక్కటి మార్చి అది తెచ్చుకోలేం.

యాంకర్: కానీ ట్యూబ్ ఉంది కదా అందులో!

రిపేర్ నిపుణుడు: ఇగో, గిది ఇనుండ్రి, గిది ఎవ్వరూ చెప్పరు. అవుట్‌పుట్ల కప్లింగ్ కెపాసిటర్ ఉంటది, డీసీని ఆపి పాటను మాత్రం ముందుకు పంపేది. 0.22 మైక్రోఫారడ్ పెట్టి, ముందట ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు ఇచ్చే అడ్డు, 10 కిలో ఓములున్న పవర్ యాంప్ తగిలిస్తే 72 హెర్ట్జ్ కాడి నుంచే కిందికి జారుడు షురూ. తబలల డగ్గా పోయె, మృదంగంల తొప్పి పోయె! ఇగ వెచ్చదనం ఏడికెల్లి వస్తది? అదే 1 మైక్రోఫారడ్ వేస్తే 16 హెర్ట్జ్. ట్యూబులు మార్చుడు తర్వాత, ముందు మీ పవర్ యాంప్ ఇన్‌పుట్ ఇంపీడెన్స్ ఎంతనో చూడుండ్రి. అవుట్‌పుట్‌కు క్యాథోడ్ ఫాలోయర్, అంటే ముందటి యాంప్‌ను తేలిగ్గ నడిపే ట్యూబ్ స్టేజీ, ఉన్నదా చూడుండ్రి.

హైఫై ప్రియుడు: ఒప్పుకుంటా, కానీ పాత స్టాక్ ట్యూబులకి, ఇప్పటివాటికి తేడా నాకు నిజంగా...

రిపేర్ నిపుణుడు: పాత స్టాక్ అంటవ్, మన బెంగళూరు బీఈఎల్, గదే భారత్ ఎలక్ట్రానిక్స్, ట్యూబులు ఎట్లుండె తెల్సా! ఇప్పుడు ఎక్కువగ స్లొవేకియా, రష్యా, చైనాలకెల్లే వస్తున్నయ్. 2022ల రష్యా ఎగుమతి ఆపుతదన్న వార్తకే ధరలు ఎట్ల ఎగిరినయ్!

యాంకర్: ధర మీదకి వస్తాం, చిన్న...

సౌండ్ ఇంజినీర్: నేను మొదలుపెట్టిన వాక్యం పూర్తి చేయనివ్వండి. 1985లో అమెరికా యాంప్ డిజైనర్ బాబ్ కార్వర్ తన ట్రాన్సిస్టర్ యాంప్‌ని ఒక ఖరీదైన ట్యూబ్ యాంప్‌లా వినిపించేట్టు సర్దితే స్టీరియోఫైల్ అనే హైఫై పత్రికవాళ్ళే తేడా పట్టుకోలేకపోయారు. అంటే ఆ రంగు సర్క్యూట్‌ది, గాజుది కాదు, కాబట్టి...

రిపేర్ నిపుణుడు: నేను గూడ గదే అంటున్న గదా పొద్దట్నుంచి! సర్క్యూట్! సర్క్యూట్ చూడుండ్రి అని! (ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

యాంకర్: ఆగండి, ఆగండి. మరి ప్రేక్షకుడికి ఏం చెప్దాం? ఉంచుకోవాలా, తిరిగివ్వాలా?

హైఫై ప్రియుడు: ఇంట్లో తన స్పీకర్లతో ఒక వారం...

రిపేర్ నిపుణుడు: తిరిగిచ్చెయ్యాలె! లేకుంటే నా దగ్గరికి తెమ్మనుండ్రి. ఒకటో పిన్ను, ఆరో పిన్ను ప్లేట్లు, మీటర్ పెట్టి చూపిస్త.

సౌండ్ ఇంజినీర్: దయచేసి ఎవరూ ఇంట్లో ఈ పని చేయకండి. అసలైన ట్యూబ్ ప్రీయాంప్‌లో 250, 300 వోల్టులు ఉంటాయి, ప్లగ్ పీకినా కెపాసిటర్లలో చార్జ్ మిగిలే ఉంటుంది. ఇంకోటి, ఆ ఫొటోలో బోర్డు అడుగుభాగమే లేదు, ఐసీ సిగ్నల్ దారిలో ఉందో లేదో దాన్నిబట్టి మనం...

రిపేర్ నిపుణుడు: ఫొటో ఎందుకమ్మా, 12 వోల్టుల అడాప్టర్ అన్నంకనే తెలుస్తలేదా?

యాంకర్: సార్ చెప్పింది స్పష్టంగా ఉంది. సార్, చివరిగా ఒక్క నిమిషం మీకే ఇస్తున్నా, మర్ఫీ లాంటి సౌండ్ కావాలంటే ఏ ట్యూబ్...

సౌండ్ ఇంజినీర్: అడాప్టర్‌ని బట్టి చెప్పలేం అని మొదటే అన్నాను కదండీ!

రిపేర్ నిపుణుడు: నాకైతే 6ఎస్ఎన్7. పెద్ద ట్యూబ్, గెయిన్ తక్కువ, ప్లేటుకు 250 వోల్టులు ఇయ్యాలె, కెపాసిటర్ మంచిది వెయ్యాలె, హీటర్‌కు డీసీ ఇస్తే కరెంటుకెల్లి వచ్చే 50 హెర్ట్జ్ హమ్ము గూడ తగ్గుతది, ఇగ గ్రౌండింగ్ సంగతి...

యాంకర్: టైమ్ అయిపోయింది సార్, గ్రౌండింగ్ వచ్చే వారం. నమస్కారం.